పచ్చబొట్టు చెరపడం: దాదాపు రెండువేల నాలుగొందల ఏళ్ళ కథ

ముందే చెప్పేస్తున్నా, నేను డాక్టర్ని కాదు. జావాలో కోడు రాసుకుని బతికే మామూలు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని. కాకపోతే నా కుడి ముంజేతి మీద ఒక పేరుంది. "ఉంది" అనాలో "ఉండేది" అనాలో ఇప్పటికీ నాకు తేలలేదు. ఆ తేలకపోవడం గురించే ఈ సోదంతా.

ఇంజనీరింగ్ ఫైనలియర్లో గోవా వెళ్ళినప్పుడు వేయించుకున్నా. నల్ల సిరాతో మూడక్షరాల పేరు, పక్కన చిన్న ఎర్ర గుండె, కింద రెండు పచ్చటి ఆకులున్న తీగ. (నవ్వకండి, అప్పుడు నాకు ఇరవయ్యొకటి.) ఆ పేరుగల అమ్మాయికి పెళ్ళయిపోయింది, అమెరికాలో హాయిగా ఉంది, నాకు ఎవరిమీదా ఫిర్యాదు లేదు. గొడవల్లా నా పెళ్ళిచూపుల సీజన్లో మొదలైంది. "ఎండాకాలంలో ఈ ఫుల్ హ్యాండ్స్ చొక్కా ఏంటండీ అని వాళ్ళడిగితే ఏం చెప్తావురా?" అని మా అమ్మ. ఆరు నెలలు గడువు పెట్టింది. ఈలోగా అది పోవాలి.

సరే అని హైదరాబాదులో ఒక స్కిన్ క్లినిక్కి వెళ్ళా. కౌన్సెలర్ అట అమె, డాక్టరు కాదు. "నాలుగు సిట్టింగుల్లో క్లీన్‌గా పోతుంది సార్, మచ్చ కూడా మిగలదు" అని ప్యాకేజీ రేటు చెప్పింది. కార్డు తీయబోతూ, మన బుద్ధి ఊరుకోదు కదా, "ఏ లేజరు వాడతారండీ? వేవ్‌లెంగ్త్ ఎంత?" అని అడిగా. "ఇంపోర్టెడ్ మెషీన్ సార్" అంది. క్లయింటు "ఎలా చేస్తారు?" అని అడిగితే మన మేనేజర్లు "అజైల్‌లో చేస్తాం" అన్నట్టుంది ఆ జవాబు. కార్డు మళ్ళీ జేబులో పెట్టుకుని ఇంటికొచ్చి చదవడం మొదలెట్టా. లేజరు గురించి చదువుదామనుకుంటే అది నన్ను క్రీస్తుపూర్వంలోకి లాక్కెళ్ళింది.

*

పాత గ్రీకు భాషలో పొడిచిన గుర్తుని "స్టిగ్మా" అనేవాళ్ళు. ఈరోజు మనం సామాజిక కళంకం అనే అర్థంలో వాడే ఇంగ్లీషు మాట అక్కణ్ణించి వచ్చిందే. చాలాకాలం పండితులు స్టిగ్మా అంటే ఎర్రగా కాల్చిన ఇనుముతో వేసిన వాత అనుకున్నారు. 1987లో సి.పి. జోన్స్ అనే చరిత్రకారుడు అది చాలావరకు వాత కాదు, సూదితో పొడిచి సిరా దించిన పచ్చబొట్టే అని చూపించాడు. ఎవరికి పొడిచేవాళ్ళు? పారిపోయి దొరికిన బానిసలకి, నేరస్తులకి, కొన్నిసార్లు యుద్ధఖైదీలకి. ఎక్కువగా నుదుటి మీద.

స్టెగనోగ్రఫీ చదివినవాళ్ళకి హెరొడోటస్ చెప్పిన కథ గుర్తుండే ఉంటుంది. హిస్టియస్ అనే ఆయన ఒక బానిసకి గుండు కొట్టించి, తలమీద రహస్య సందేశం పచ్చబొట్టుగా పొడిపించి, జుట్టు పెరిగాక పంపించాడట. క్రీ.పూ. 499 నాటి అయోనియన్ తిరుగుబాటు కథలో ఇదొక ఘట్టం. మన పుస్తకాల్లో దీన్ని తెలివైన ట్రిక్కుగా చెప్తారు. సందేశం చేరాక ఆ తలకాయ ఏమైందో, మళ్ళీ గుండు చేయించుకోవాల్సొస్తే పాపం అతనేం చేసేవాడో ఎవరూ పట్టించుకోలేదు.

చెరపడం గురించి నాకు దొరికిన పాత కథల్లో బాగా నచ్చింది ఎపిడారస్‌ది. అది గ్రీసులో అస్క్లేపియస్ అనే వైద్యదేవుడి క్షేత్రం. రోగులు వచ్చి గుడిలో నిద్రచేసేవాళ్ళు, దేవుడు కలలో కనపడి నయం చేసేవాడు. మన దగ్గర కూడా గుళ్ళో నిద్రచేయడం ఉంది కాబట్టి మనకిది కొత్తగా అనిపించదు. అక్కడ జరిగిన మహిమల్ని క్రీ.పూ. 4వ శతాబ్దంలో రాళ్ళమీద చెక్కించారు, ఆ రాళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. అందులో ఒకటి థెస్సలీ నుంచి వచ్చిన పండారస్ కథ. అతని నుదుటిమీద స్టిగ్మా ఉంది. కలలో దేవుడు నుదుటికి ఒక గుడ్డ కట్టి, బయటికెళ్ళాక విప్పి గుడికి ఇచ్చెయ్యమన్నాడు. పొద్దున్నే విప్పితే నుదురు శుభ్రం, అక్షరాలన్నీ గుడ్డలోకి వచ్చేశాయి. కృతజ్ఞతగా పండారస్ కొంత డబ్బు ఎకెడోరస్ అనే ఇంకొకడి చేతికిచ్చి గుళ్ళో కట్టమన్నాడు. వీడి నుదుటిమీద కూడా స్టిగ్మా ఉంది, వీడూ చెరిపించుకోవడానికే వచ్చాడు. కానీ ఆ డబ్బు నొక్కేశాడు. కలలో దేవుడు అడిగితే నాకెవరూ ఏమీ ఇవ్వలేదన్నాడు. దేవుడు పండారస్ కట్టు తీసి వీడికి కట్టాడు. పొద్దున లేచి నీళ్ళలో మొహం చూసుకుంటే పాతవి పోలేదు సరికదా, పండారస్ అక్షరాలు కూడా అదనంగా వచ్చి చేరాయి!

కథ సరదాగానే ఉంది. కానీ నుదుటిమీద ఎవరో రాసిన రాతని చెరిపే దిక్కు దేవుడు తప్ప ఇంకెవరూ లేరని నమ్మినవాళ్ళు, దానికోసం ఊళ్ళు దాటి నడిచొచ్చిన వాళ్ళు చెప్పుకున్న కథ అది.

దేవుడు కాకుండా వైద్యుడు ఏం చేసేవాడో తెలియాలంటే క్రీ.శ. 6వ శతాబ్దానికి రావాలి. అమిడా ఊరివాడైన ఏటియస్ అనే వైద్యుడు పచ్చబొట్టు సిరా ఎలా చేయాలో, దాన్ని ఎలా తీయాలో రెండూ రాశాడు. తీసే పద్ధతి స్థూలంగా ఇది. చోటుని శుభ్రం చేసి, చెట్టుబంక పూసి, ఐదురోజులు కట్టు కట్టాలి. ఆరోరోజు ఆ గుర్తులమీదే మళ్ళీ సూదితో పొడిచి, నెత్తురు తుడిచి, ఉప్పు అద్దాలి. ఆపైన పుండు చేసే లేపనం. ఇరవై రోజుల్లో పోతుంది, మచ్చ కూడా పడదు అని హామీ కూడా ఇచ్చాడు. ఇది చదవగానే నాకు మా కౌన్సెలరమ్మే గుర్తొచ్చింది. పధ్నాలుగు వందల ఏళ్ళు గడిచినా సేల్స్ డైలాగు మారలేదు :-)

అక్కణ్ణించి 1960ల దాకా కథలో సరుకు తక్కువ, నొప్పి ఎక్కువ. సూత్రం ఒకటే, సిరా ఉన్న చర్మాన్ని పాడుచేస్తే దాంతోపాటు సిరా ఊడొస్తుంది. 1888లో పారిస్‌లో వేరియో అనే వైద్యుడు టానిన్ పొడిచి, పైన సిల్వర్ నైట్రేట్ రుద్దే పద్ధతి చెప్పాడు. నల్లటి పెచ్చు కట్టి ఊడిపోతుంది, కింద మచ్చ మిగులుతుంది. తర్వాత ఉప్పుతో చర్మం గీకడం, మెషీనుతో అరగదీయడం, కోసి కుట్టెయ్యడం. ఏ దారిలో వెళ్ళినా సిరా గుర్తు తీసి మచ్చ గుర్తు పెట్టుకోవడమే.

*

ఇదంతా గ్రీకుల గోల, మనకెందుకంటారా? మన నుదుళ్ళ మీదా రాశారు. 1797 నుంచి ఈస్టిండియా కంపెనీ బెంగాల్లో యావజ్జీవ ఖైదీల నుదుటిమీద, ఫోర్జరీ చేసినవాళ్ళకి, కోర్టులో అబద్ధపు సాక్ష్యం చెప్పినవాళ్ళకి కూడా, చేసిన నేరాన్ని పచ్చబొట్టుగా పొడిపించేది. దాన్ని "గోద్నా" అనేవాళ్ళు. మన జిల్లాలు చాలా ఉన్న మద్రాసు రాజధానిలోనూ ఆ శిక్ష ఉండేది. 1849లో రద్దు చేశారు. క్లేర్ ఆండర్సన్ అనే చరిత్రకారిణి దీనిమీద ఒక పుస్తకమే రాసింది. ఖైదీలు తలపాగా కిందికి లాక్కునో జుట్టు ముందుకు దువ్వుకునో ఆ రాత దాచుకునేవాళ్ళట. నా ఫుల్ హ్యాండ్స్ చొక్కా సంగతి గుర్తొచ్చి నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది. నాది నేను డబ్బిచ్చి రాయించుకున్నది.

ఆ తర్వాత వందేళ్ళకి ఆష్విట్జ్. నాజీ క్యాంపుల్లో ఖైదీలకి పద్ధతి ప్రకారం నంబరు పొడిచింది అక్కడే. బతికి బయటపడ్డవాళ్ళలో కొందరు దాన్ని తీయించుకున్నారు, కొందరు ఉంచుకున్నారు. ఇటాలియన్ రచయిత, వృత్తిరీత్యా కెమిస్టు అయిన ప్రీమో లెవీ నంబరు 174517. ఎందుకు తీయించుకోలేదని చాలామంది అడిగేవాళ్ళట. తీయించుకోవడానికి తనకి కారణం కనిపించలేదు, ఆ సాక్ష్యం మోసేవాళ్ళు లోకంలో ఎక్కువమంది లేరు అన్నది ఆయన జవాబు సారాంశం.

అంటే చరిత్రలో ఎక్కువ భాగం, చెరుపుకోవాలనుకున్నవాళ్ళు ఇంకొకళ్ళు రాసిన రాతని చెరుపుకోవాలనుకున్నారు. వాళ్ళకి మంచి సాధనం దొరకలేదు. ఆ సాధనం చేతికొచ్చేసరికి క్యూలో నిలబడింది మాత్రం ఎక్కువగా నాలాంటి వాళ్ళు.

*

ఇక లేజరు. ముందు అసలు పచ్చబొట్టు ఎందుకు చెరగదో చూద్దాం. చర్మం పైపొర నెలా నెలన్నరలో మొత్తం మారిపోతుంది. సిరా దాని కింద పొరలో ఉంటుంది. అక్కడ మాక్రోఫేజులని చెత్త మింగే కణాలుంటాయి. అవొచ్చి సిరా రేణువుల్ని మింగుతాయి కానీ అరిగించుకోలేవు, మోసుకెళ్ళలేవు, అక్కడే కూర్చుంటాయి. పచ్చబొట్టంటే అదే. మరి ఆ కణాలు చచ్చిపోతే? 2018లో ఫ్రాన్సులోని మార్సేయ్ శాస్త్రవేత్తలు ఎలుకల మీద ఇదే పరీక్షించారు. మాక్రోఫేజులన్నిటినీ చంపేసినా పచ్చబొట్టు చెక్కుచెదరలేదు. చచ్చిన కణం వదిలిన సిరాని కొత్తగా వచ్చిన కణం మింగేస్తోంది. మన భాషలో చెప్పాలంటే, గార్బేజ్ కలెక్టర్ చెత్తని గుర్తుపడుతుంది, కానీ మెమరీ ఖాళీ చెయ్యలేదు. తను పోతూ పోతూ రిఫరెన్సు తర్వాతివాడికి ఇచ్చి పోతుంది. ఎప్పటికీ తేలని మెమరీ లీకు.

కాబట్టి చెయ్యాల్సింది సిరా రేణువుని చిన్న చిన్న ముక్కలు చెయ్యడం. అప్పుడు కొంత శోషరసంతో, అంటే లింఫ్‌తో, కొట్టుకుపోతుంది.

1960 మేలో కాలిఫోర్నియాలో థియోడర్ మేమన్ మొదటి లేజరు వెలిగించాడు, కెంపు రాయితో. మూడేళ్ళు తిరక్కుండానే సిన్సినాటీ చర్మవైద్యుడు లియన్ గోల్డ్‌మన్ దాన్ని చర్మంమీద పరీక్షించి, నల్లటి చోటు ఎక్కువగా పీల్చుకుంటోందని గమనించాడు. 1965లో క్యూ-స్విచ్డ్ కెంపు లేజరుని, అంటే శక్తంతా కూడబెట్టి ఒక్క క్షణకాలపు దెబ్బగా వదిలే రకాన్ని, పచ్చబొట్టుమీద వాడి ఫలితాలు రాశాడు. జవాబు అప్పటికే చేతిలో ఉందన్నమాట. కానీ అది మరుగున పడింది. డెబ్బైల్లో, ఎనభైల్లో డాక్టర్లు ఎక్కువగా ఆర్గాన్, కార్బన్ డయాక్సైడ్ లేజర్లు వాడారు. అవి సిరాతోపాటు చర్మాన్నీ కాల్చేవి, మళ్ళీ మచ్చలు. ఏటియస్ ఉప్పుకి కరెంటు పెట్టినట్టు.

తిరుగు 1983లో వచ్చింది. రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్ అని బోస్టన్‌లో ఇద్దరు ఒక సిద్ధాంతం ప్రచురించారు. చిన్నప్పుడు దీపం మంటలోంచి చటుక్కున వేలు తీసే ఆట ఆడే ఉంటారు. ఆలస్యం చెయ్యకపోతే కాలదు. వాళ్ళు చెప్పింది దాదాపు అదే, లెక్కలతో. వేడెక్కిన ఏ వస్తువుకైనా ఆ వేడిని పక్కవాటికి అందించడానికి కొంత టైము పడుతుంది. అంతకంటే తక్కువ టైములో దెబ్బ కొట్టేస్తే వేడి దాన్నే పగలగొడుతుంది, చుట్టుపక్కల చర్మం చాలావరకు క్షేమం. సిరా రేణువు అతి చిన్నది కాబట్టి ఆ టైము నానోసెకన్లు, అంతకన్నా తక్కువ. అదే ఏడు స్కాట్లండ్ డాక్టర్లు క్యూ-స్విచ్డ్ కెంపు లేజరుతో నల్ల పచ్చబొట్లు తీసిన ఫలితాలు ప్రచురించారు. గోల్డ్‌మన్ పాత జవాబుకి ఇప్పుడు "ఎందుకు" కూడా దొరికింది.

నానోసెకనంటే ఎంతో మనవాళ్ళకి గ్రేస్ హాపర్ చూపించింది. ఆవిడ ఉపన్యాసాల్లో ముప్ఫై సెంటీమీటర్ల తీగముక్కలు పంచేది, ఒక నానోసెకనులో కాంతి వెళ్ళే దూరం అంతే అని. ఐదు నానోసెకన్ల లేజరు దెబ్బంటే ఒకటిన్నర మీటరు పొడవున్న వెలుతురు ముక్కన్నమాట. 2012 చివర్లో అమెరికా అనుమతి పొందిన పికోసెకను లేజరుది పావు మీటరు లోపే.

*

ఇంతకీ చేయించుకోబోయేవాళ్ళు ఏం ఆశించాలి? నాకు అర్థమైనంతలో చెప్తా.

ముందు రంగుల సంగతి. ఒక్కో రంగు ఒక్కో తరంగదైర్ఘ్యాన్ని పీల్చుకుంటుంది. నలుపు అన్నిటికన్నా సులువు, 1064 నానోమీటర్ల ఎన్‌డీ-యాగ్ లేజరుకి లొంగుతుంది. ఎరుపుకి 532. ఆకుపచ్చ, నీలం మొండివి, వాటికి 694 లేదా 755 కావాలి. పసుపు ఇంకా కష్టం. తెలుపు, చర్మం రంగు సిరాలు ఒక్కోసారి లేజరు తగలగానే నల్లబడిపోతాయి.

రెండోది మన చర్మం. మన మెలనిన్ కూడా రంగే, లేజరుకి అదీ, సిరా కూడా ఒకటే. మెలనిన్ తక్కువ పీల్చుకునేది 1064నే కాబట్టి మనలాంటి చామనఛాయ వాళ్ళకి అది కాస్త భద్రం. 532, 694, 755లతో తెల్లమచ్చో నల్లమచ్చో పడే ప్రమాదం ఎక్కువ. అందుకే మెషీను వివరం అడగడం ఓవరాక్షన్ కాదు, మీ హక్కు.

మూడోది ఎన్ని సిట్టింగులు. 2012లో ఇటలీ వైద్యులు 352 మంది ఫలితాలు ప్రచురించారు. పది సిట్టింగుల తర్వాత విజయవంతంగా తొలగింది 47.2 శాతం మందికి, పదిహేను తర్వాత 74.8 శాతానికి. నానోసెకను లేజర్ల లెక్క ఇది. సిగరెట్లు తాగేవాళ్ళకి, కాళ్ళమీద ఉన్నవాటికి, పెద్దవాటికి, నలుపూ ఎరుపూ కాక వేరే రంగులున్నవాటికి ఇంకా తక్కువ. ఎనిమిది వారాలు, అంతకంటే తక్కువ ఎడంతో చేయించుకున్నవాళ్ళకీ ఫలితం తగ్గింది. తొందరపడి లాభం లేదు, ఎందుకంటే లేజరు పని ముక్కలు చెయ్యడం వరకే. ఎత్తిపోసేది మన ఒళ్ళు, దాని స్పీడు మన చేతిలో లేదు. అన్నట్టు, పచ్చబొట్టు పోగొడతామని అమ్మే ఆసిడ్ క్రీముల జోలికి మాత్రం వెళ్ళకండి. అవి ఏటియస్ కాలం వైద్యమే.

నేను రెండోసారి వెళ్ళింది ఒక చర్మవైద్యురాలి దగ్గరికి. ఎన్ని సిట్టింగులండీ అంటే "ఇప్పుడే చెప్పను. తగ్గుతున్నంతకాలం చేద్దాం, మచ్చ పడేలా ఉంటే ఆపేద్దాం" అంది. ఎస్టిమేటు ఇవ్వనన్న మనిషిని జీవితంలో మొదటిసారి నమ్మాను. ముందు ఒక మూల చిన్న చుక్క మీద పరీక్షగా కొట్టి, కొన్ని వారాలు ఆగి చూసింది. మత్తు క్రీము రాసినా ప్రతి దెబ్బా రబ్బరు బ్యాండు లాగి కొట్టినట్టే ఉంటుంది, వేడి నూనె చిట్లినట్టు కూడా. తగిలిన చోటు వెంటనే తెల్లగా అయిపోతుంది. అది చూసి అయిపోయిందని సంబరపడ్డా. కాదు, అవి చర్మంలో పుట్టిన గ్యాసు బుడగలట, కాసేపటికి తగ్గి కింద అక్షరాలు నిక్షేపంగా కనపడ్డాయి. తర్వాత వాపు, బొబ్బలు, పెచ్చులు, దురద. గోకకూడదు, ఎండ తగలనివ్వకూడదు. రెండు వారాల్లో మానుతుంది. తేడా కనపడటానికి నెల పైనే.

ఆరు నెలల గడువు మూడో సిట్టింగు దగ్గర ముగిసింది. నిజం చెప్పాలంటే అప్పుడే అది మరీ ఘోరంగా ఉంది. పూర్తి పేరైనా అంత కంటపడేది కాదు, సగం చెరిగిన పేరుని అందరూ ఆగి మరీ చదువుతారు. ఆ వారం పెళ్ళిచూపుల్లో చొక్కా చేతులు మడిచే వెళ్ళా, నేనే చెప్పేశా. ఆ అమ్మాయి అడిగిన మొదటి ప్రశ్న "వేయించుకున్నప్పుడు ఎక్కువ నొప్పా, తీయించుకుంటే ఎక్కువా?" తీయించుకుంటేనే అన్నా. ఆ సంబంధం కుదరలేదు లెండి. జాతకాలు కలవలేదట, పచ్చబొట్టు వల్ల కాదు.

ఇప్పటికి తొమ్మిది సిట్టింగులు, ఇరవై నెలలు. అక్షరాలు పోయాయి, అక్కడ పేరుండేదని తెలిసినవాళ్ళకి ఏటవాలు వెలుతుర్లో నీడలా కనిపిస్తాయి. గుండె ఉన్నచోట కొంచెం పాలిపోయిన మచ్చ ఉంది. ఆకులు మాత్రం పచ్చగా అలాగే ఉన్నాయి. వాటికి వేరే లేజరు కావాలి, నీ రంగుకి మచ్చపడే అవకాశముంది, ఆలోచించుకో అంది డాక్టరుగారు.

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు నాయనమ్మ నా చెయ్యి పట్టుకుని చూసింది. ఆవిడ ముంజేతి మీద కూడా ఉన్నాయి పచ్చబొట్లు, వరసగా చుక్కలు, మధ్యలో ముగ్గులాంటిది. ఎనిమిదేళ్ళప్పుడు ఎరుకలావిడ ఇంటికొచ్చి పొడిచిందట. ఏడుస్తుంటే వాళ్ళమ్మ గట్టిగా పట్టుకుందట. ఆవిణ్ణీ ఎవరూ అడగలేదు. "నీకెప్పుడూ తీయించుకోవాలనిపించలేదా నాయనమ్మా?" అన్నా.

"ఎందుకురా? పోయేటప్పుడు నగలన్నీ వలిచేసుకుంటారు. నాతో వచ్చేది ఇదొక్కటే" అంది. తర్వాత నా ఆకులమీద బొటనవేలితో రుద్ది, "ఇవి బానే ఉన్నాయిగా, వీటినేం చేశావు?" అంది.

పదో సిట్టింగుకి ఇంకా అపాయింట్‌మెంట్ తీసుకోలేదు.